సీసా మీది సంతకం

సింగపూర్ రేవు బయట, ఓడలో
9 ఫిబ్రవరి 2025

బాలయ్య మామకు హర్షిణి నమస్కారాలు.

నీకు ఫోన్ చేస్తే వినపడదు. చెట్టు మీద నుంచి పడ్డ నాటి నుంచి నీ చెవుల సంగతి అంతే. వాట్సాప్‌లో పెడితే ఇంటిల్లిపాదీ చదివాక నీ వంతు వస్తుంది. పైగా ఇక్కడ ఇంటర్నెట్ కంపెనీది. జరిగిన సంగతి బయట ఎవరికీ రాయొద్దని భోజనాల గది గోడకు నోటీసు అంటించారు. అందుకని కాగితం తీసుకున్నాను. మా వంటాయన రేపు దిగి హైదరాబాద్ పోతున్నాడు, అక్కడ పోస్టు చేస్తానన్నాడు.

నాకు చాలా కోపంగా ఉంది మామా. అమ్మకు చెప్తే ఏడుస్తుంది, నాయిన వెంటనే ఇంటికి రమ్మంటాడు. కోపాన్ని కోపంగా వినేది నువ్వొక్కడివే.

మా ఓడ కార్లను మోస్తుంది. దీని ఇంజను డీజిల్‌తోనూ నడుస్తుంది, గ్యాసుతోనూ నడుస్తుంది. గ్యాసును విపరీతంగా చల్లబరిచి, నీళ్లలా చేసి ట్యాంకులో పోస్తారు. దాన్ని ఓడలోకి ఎక్కించుకున్నప్పటి నుంచి ఇంజనులో మండేదాకా చూసుకునే ఇంజనీరును నేను. జనవరి పదహారున ఒక చిన్న ఓడ మా పక్కకు వచ్చి గ్యాసు పోసి పోయింది. మూడో రోజు నడి సముద్రంలో ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. గ్యాసు తన సమయం కంటే ముందే అంటుకుంటే అలా కొడుతుంది. వెంటనే డీజిల్‌కు మార్చాను కానీ అప్పటికే ఒక పిస్టను పాడైంది.

ఓడను ఆపి, అలల మీద ఊగుతుండగానే దాన్ని బయటికి లాగమన్నారు. లాగుతుంటే గొలుసు జారి మా ఫిట్టర్ దేవరాజు చేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. విజయనగరం మనిషి, పదహారేళ్లుగా ఓడల్లో ఉన్నాడు. నాకు పని నేర్పింది ఆయనే. రక్తం కారుతున్న చేతికి గుడ్డ చుట్టుకుంటూ, పిస్టను కింద పడలేదు కదా అని నన్నే అడిగాడు.

నిన్న మా ఓడ కంపెనీ ఆఫీసు నుంచి రత్నాకర్ అనే పెద్ద ఇంజనీరు వచ్చాడు. మన కరీంనగర్ వాడే. ఒక కాగితం తెచ్చాడు. గ్యాసు మంచిదేనట, దానికి సర్టిఫికెట్ ఉందట. ఇంజనును సరిగా చూసుకోక నేను పాడుచేశానట. గొలుసు సరిగా కట్టక దేవరాజు తన వేళ్లు తానే పోగొట్టుకున్నాడట. దాని కింద నేను సంతకం పెట్టాలి. “ఒక్క సంతకం చెల్లె. ఆర్నెల్లయితే ఎవరికీ యాదికుండది” అన్నాడు. పెడితే నా పేరు మీద ఆ మచ్చ ఎప్పటికీ ఉంటుంది, దేవరాజు దోషి అవుతాడు. పెట్టకపోతే ఈ కంపెనీలోనే కాదు, ఎక్కడా నాకు ఓడ దొరక్కుండా చూడగలరు. ఆలోచించుకోమని గడువు ఇచ్చారు.

ఒక్క పని మాత్రం మంచిది చేశాను. గ్యాసు పోసేటప్పుడు రెండు చిన్న ఉక్కు సీసాల్లో నమూనా పట్టి ముద్ర వేస్తారు. ఒకటి వాళ్లకు, ఒకటి మాకు. మాది కూడా వాళ్లకే ఇచ్చెయ్యి, ఓడలో ఉంచితే ప్రమాదం అని చీఫ్ ఇంజనీరు చెప్పాడు. నేను ఇవ్వలేదు. స్టోరులో పెట్టి తాళం వేశాను. చిన్నప్పుడు ఆబ్కారీ వాళ్లు తనిఖీకి వచ్చి నీ కల్లును సీసాల్లో పట్టి, లక్క వేసి, ఒకటి నీకు ఇచ్చి పోయేవారు కదా. దాని ముందు నన్ను కూర్చోబెట్టి నువ్వు అన్న మాట గుర్తొచ్చింది. “ఆళ్ల సీసా ఆళ్లది, మన సీసా మనది. కన్నార్పకు బిడ్డా.”

వచ్చే నెల చెన్నైకి వస్తాం. ఏజెంటు అడ్రసు వెనక రాశాను. జవాబు అక్కడికి రాయి.

నీ మేనకోడలు
హర్షిణి


గుండ్లవాడ, కోహెడ మండలం
సిద్దిపేట జిల్లా
2 మార్చి 2025

బిడ్డా హర్షిణీ,

నీ ఉత్తరం చదివి చెట్టు ఎక్కాను. ఎక్కకుండా ఉండాల్సింది. సగం నుంచి దిగి వచ్చి మళ్లీ చదివాను.

సంతకం పెట్టకు. ఇంత రాసి పోస్టులో వేస్తే చాలు, కానీ నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.

నాకు ఇంజన్లు తెలియవు. ఏడో తరగతితో బడి ఆగింది. కానీ దించి పోసే సరుకు ఏదైనా మూడు ప్రశ్నలు అడగాలని మాత్రం తెలుసు. మొదటిది, అది ఎప్పుడు దించింది? పొద్దున దించిన కల్లు వేరు, అదే లొట్టిలో సాయంత్రం ఉండే కల్లు వేరు. పొద్దున కల్లు తియ్యగా ఉందని రాసిన చీటీ పట్టుకొని సాయంత్రం అమ్మితే నోట్లో పోసుకున్నవాడు ఊరుకుంటాడా? రెండోది, లొట్టి కడిగారా? అడుగున నిన్నటిది ఉండగా దాని మీద కొత్తది పోస్తే కొత్తది కూడా పాతదే అవుతుంది. మూడోది, అందరికంటే ముందు తాగి చూసింది ఎవరు?

నలభై ఏళ్లుగా నేను మొదటి గుక్క తాగకుండా ఎవరి దొప్పలోనూ కల్లు పోయలేదు. మా నాయిన నేర్పిన పద్ధతి అది. గీసినవాడు తాగాలి, నిలబడాలి, అతని మొహం చూసి మిగతావాళ్లు తాగాలి. ఇప్పుడు నా దగ్గర మాత్రం ఎవరూ అంతసేపు ఆగరు. బాలయ్య దించిండంటే సాలు అని నేను తాగకముందే దొప్పలు చాపుతారు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఈ మూడు ప్రశ్నలు మీ సార్లను అడుగు. ఏం నీళ్లు నములుతారో చూద్దాం.

ఇక్కడి సంగతులు. మన కల్లు దుకాణం మీద ఎవరో ఫిర్యాదు చేస్తే పోయిన నెల ఆబ్కారీ వాళ్లు వచ్చి సీసాలు పట్టుకుపోయారు. గీత కార్మికుల సంఘం పెద్దగా నేనే సంతకం పెట్టాను. పరీక్షలో ఏమీ లేదని కాగితం వచ్చింది. మార్కెట్‌లో బస్తాలు మోసే భూమయ్యకు ఏదో జ్వరం తగిలి సిద్దిపేట దవాఖానలో ఉన్నాడు. మీ అమ్మ అమృతమ్మ బాగుంది, పత్తి చేను పని అయిపోయింది.

దేవరాజుకు నా తరఫున ధైర్యం చెప్పు.

మీ మామ
బాలయ్య


చెన్నై రేవు
21 మార్చి 2025

మామా,

నీ ఉత్తరం ఏజెంటు ఆఫీసులో పది రోజులుగా నా కోసం కూర్చుంది. చదివి నేరుగా ఫైళ్ల అల్మారా తెరిచాను. ఇంతమంది ఇంజనీర్లం ఉన్నాం, రెండు నెలలుగా పిస్టను కొలతలు తీస్తూ కూర్చున్నాం. ఎప్పుడు దించింది అని అడిగిన మనిషివి నువ్వే.

సర్టిఫికెట్ మీద తేదీ డిసెంబరు ఇరవై. ఆ రోజు ఒడ్డు మీది ట్యాంకులో నుంచి ఆ చిన్న ఓడలో పోశారు. మాకు పోసింది జనవరి పదహారున. మధ్యలో ఇరవై ఏడు రోజులు. మాకంటే ముందు తీసుకోవాల్సిన ఓడ ఏదో రాలేదట, అందుకని లంగరు వేసుకొని ఊరికే కూర్చున్నారు. ఈ గ్యాసు ఎంత చల్లటి ట్యాంకులో ఉన్నా కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది మామా. తేలిక భాగం ముందు పోతుంది, బరువు భాగం మిగులుతుంది. ఆ బరువు భాగమే ఇంజనులో ముందే అంటుకొని కొట్టేది. గ్యాసు ఎంతవరకు కొట్టకుండా మండుతుందో చెప్పడానికి ఒక నంబరు ఉంటుంది. మా ఇంజనుకు అది డెబ్బైకి తగ్గకూడదు. డిసెంబరు కాగితంలో డెబ్బై తొమ్మిది అని ఉంది. జనవరిలో ఎంత ఉందో ఎవరూ రాయలేదు.

లొట్టి కడిగారా అన్నావు. వాళ్ల ట్యాంకు అడుగున అంతకు ముందు నెల మిగిలినది ఉండగానే దాని మీద పోశారు. వాళ్ల రోజువారీ పుస్తకం నకలులోనే ఉంది, దాచలేదు కూడా. ఎవరూ అడగరని అంత ధీమా. మూడో ప్రశ్నకు జవాబు ఇంకా సిగ్గుచేటు. ఎవరూ తాగి చూడలేదు. గ్యాసును పరీక్షించే యంత్రం మా ఓడలో లేదు. ఖర్చని పెట్టలేదు.

ఇదంతా రత్నాకర్ సార్‌కు చెప్పాను. ఆయన టీ తాగుతూ విన్నాడు. “గది మంచిగనే ఉన్నది చెల్లె. కాని ఆళ్ల దగ్గర కాగితం ఉన్నది, నీ దగ్గర అనుమానం ఉన్నది” అన్నాడు. అనుమానమట. దేవరాజు చేతికి ఉన్న మూడు వేళ్లు ఆయనకు అనుమానంగా కనిపిస్తున్నాయి.

ఇక్కడి ఆసుపత్రిలో ఉన్న దేవరాజును చూడడానికి వచ్చిన నావికుల యూనియన్ వాళ్లకు మన సీసా సంగతి చెప్పాను. కెప్టెన్ ముందే ముద్ర సరిచూసి, బయటి ల్యాబుకు పంపారు. ఫలితానికి కొన్ని వారాలు పడుతుందట. ఇంకో సంగతి ఉంది. గ్యాసు కంపెనీ వాళ్లు నాకు నా సంతకమే ఒకటి చూపిస్తున్నారు. దాని గురించి తర్వాత రాస్తాను.

మీ దుకాణం సీసాలు పరీక్షలో నెగ్గాయని చదివి ఆ రోజంతా నా గుండె నిబ్బరంగా ఉంది.

హర్షిణి


గుండ్లవాడ
6 ఏప్రిల్ 2025

బిడ్డా,

నీ ఉత్తరం దుకాణం దగ్గర అందరి ముందూ చదివించాను. మా గౌండ్లోళ్ల పిల్ల ఓడ ఇంజనును పట్టుకొని పెద్ద కంపెనీని నిలదీస్తున్నదని అందరికీ చెప్పుకున్నాను. ట్యాంకు కడగలేదు అన్నచోట అందరూ ఒక్కసారే నాలుక కరుచుకున్నారు.

ఇరవై ఏడు రోజులు! నాకు ఆఫీసు రాతలు రావు గానీ వస్తే వాళ్లకు ఇలా రాసేవాణ్ని. నువ్వు దీన్ని నీ భాషలోకి మార్చుకొని వాళ్ల మొహాన కొట్టు. అయ్యా, మీరు ఒక సరుకు చూపించి ఇంకో సరుకు పోశారు. మంచిదాన్ని కాగితం మీద పెట్టారు, చెడ్డదాన్ని మనిషి మీద పెట్టారు. అట్లా చేసేవాడికి ఎదుటివాడి ప్రాణం అంటే లెక్క లేదు. వాడి పేరు ఊరి నడుమ గోడ మీద రాయాలి, వచ్చేపోయేవాళ్లు చదవాలి.

ఇట్లా రాయి. భయపడకు. నీ సీసా నిజమైనది, అదే నిన్ను గెలిపిస్తుంది.

ఏదో సంతకం అన్నావు. ఏ సంతకం? సగం చెప్పి ఆపితే నాకు నిద్ర పట్టదు.

భూమయ్య ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. నరాలకు సంబంధించినది ఏదో అంటున్నారట. ఎండలు ముదిరాయి. చెట్లకు ఈ ఏడు కల్లు సరిగా పారడం లేదు.

మామ


కొలంబో రేవు
27 ఏప్రిల్ 2025

మామా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మొన్న ఇక్కడ ఒడ్డు మీదికి దిగి అమ్మకు ఫోన్ చేశాను. భూమయ్య జ్వరం తగ్గిందా అని ఊరికే అడిగాను. జ్వరం ఎక్కడిది అంది అమ్మ. ఫిబ్రవరిలో దుకాణంలో తాగి ఇంటికి పోయిన ముగ్గురికి మత్తు దిగలేదట. ఇద్దరు రెండు రోజులకు తేరుకున్నారట. రోజూ తాగే భూమయ్య దవాఖానలో చేరి కల్లు మానిన మూడో నాటికి ఫిట్స్ మొదలయ్యాయట. అప్పటి నుంచి చేతులు, మెడ వణుకుతూనే ఉన్నాయట. అయితే మామ సీసాల్లో ఏమీ దొరకలేదు కదా అన్నాను. అమ్మ నవ్వింది మామా. నీ తెలివికి మురిసిపోతూ చెప్పింది. “మీ మామ ఉపాయంగల్లోడు బిడ్డా. ఆబ్కారోళ్లు వస్తున్నరని తెల్వంగనే రాజమల్లయ్య డ్రమ్ములు ఎనక్కి జరిపి, తన చెట్టు లొట్టి తెచ్చి ముందట వెట్టిండు. సీసాలల్ల గదే పోయించిండు. దుకాణం బతికింది.”

ఎన్నాళ్లుగా డ్రమ్ములు వస్తున్నాయి మామా? రాజమల్లయ్య బయటి నుంచి తెచ్చి అమ్మే ఆ కల్లులో మత్తు మందు కలుపుతాడని నీకు తెలియదని చెప్పకు. ఒక్క గుక్కలో ఏ చెట్టు కల్లో చెప్పే నాలుక నీది. ఆ డ్రమ్ముల్లో నుంచి పోసేటప్పుడు మొదటి గుక్క తాగింది ఎవరు?

అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. డాక్టర్లు రోజూ కల్లు గురించే అడుగుతున్నారట. భూమయ్య భార్య పెంటవ్వ ఏమీ లేదని నీ పరీక్ష కాగితం చూపిస్తున్నదట. నీ మీద ఆమెకు అంత నమ్మకం. ఆ కాగితాన్ని చూసి వాళ్లు ఇంకేదో జబ్బు కోసం వెతుకుతున్నారు. తల స్కానింగులు తీస్తున్నారు. నీ మంచి కల్లు అక్కడ ఒక మనిషికి మందు అందకుండా అడ్డం కూర్చుంది.

నువ్వు పోయిన ఉత్తరంలో ఏం రాశావో గుర్తుందా? మంచిదాన్ని కాగితం మీద పెట్టారు, చెడ్డదాన్ని మనిషి మీద పెట్టారు. అట్లా చేసినవాడి పేరు గోడ మీద రాయాలి. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. నీ చేతిరాతే.

నన్ను సత్యవంతురాలిని అనుకోకు. నా సంతకం ఏంటని అడిగావు కదా. జనవరి పదహారున వాన పడుతోంది. గ్యాసు ఓడ మనిషి ఒక కట్ట కాగితాలు తెచ్చాడు, తడిసిపోతాయమ్మా ముందే పెట్టెయ్ అన్నాడు. గొట్టం కూడా బిగించకముందే అన్నింటి మీదా పెట్టేశాను. వాటిలో ఒకటి, గ్యాసు నాణ్యతను చూసి ఒప్పుకొని తీసుకున్నాం అన్న కాగితం. ఇంకా రాని గ్యాసును చూశానని రాసిచ్చాను. అందరూ అలాగే చేస్తారని నాకు నేను చెప్పుకున్నాను. నిన్ను కూడా మోసం చేశాను, రెండు ఉత్తరాల్లో ఆ మాట రాయలేదు.

నువ్వు నీకు ఏం చెప్పుకున్నావు మామా?

హర్షిణి


గుండ్లవాడ
15 మే 2025

హర్షిణికి,

నీకు ఇరవై ఎనిమిదేళ్లు. నేను అంతకంటే ఎక్కువ ఏళ్లు చెట్ల మీదే ఉన్నాను. నన్ను ప్రశ్న అడగడానికి నీకు ఓడ ఉంది, జీతం ఉంది, యూనియన్ ఉంది. ఇక్కడ ముప్పై రెండు ఇళ్లు ఆ ఒక్క దుకాణం మీద బతుకుతున్నాయి. వాళ్లలో ఏడుగురు నా లాగే చెట్టు మీద నుంచి పడి, నా లాగా మళ్లీ ఎక్కలేక ఇంట్లో కూర్చున్నవాళ్లు. చెట్లు పారకపోతే ఏం పోయాలి? రాజమల్లయ్య డ్రమ్ములు తెస్తే వద్దనడానికి నేనొక్కణ్ని ఎంత? ఆ రోజు ఆబ్కారీ వాళ్లు డ్రమ్ములో నుంచి పట్టి ఉంటే సాయంత్రానికి తాళం పడేది. నా లొట్టి ముందు పెట్టాను. నా కల్లు దొంగది కాదు. దాంట్లో ఏమీ లేదన్న మాట అబద్ధం కాదు.

మీ అమ్మకు నోరు ఆగదు. నీకు కలం ఆగదు.

నా ఉత్తరాలు నా మీదికే తిప్పి కొట్టేంత పెద్దదానివి అయ్యావు. సంతోషం. ఇక నాకు రాయకు.

బాలయ్య


చెన్నై
5 జూన్ 2025

మామా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవడం ఇష్టం లేకపోతే పొయ్యిలో పెట్టు.

ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. డెబ్బై తొమ్మిది కాదు, అరవై నాలుగు. మా ఇంజను ఒప్పుకోని గ్యాసు. ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడు ఆ సంతకం గ్యాసు రాకముందే పెట్టానన్న సంగతి దాచడం ఎంత సులువో తెలుసా? ఎవరూ దాని గురించి అడగడం లేదు, అందరూ సీసా గురించే మాట్లాడుతున్నారు. యూనియన్ ఆయన కూడా అది వదిలెయ్యమన్నాడు. రెండు రోజులు వదిలేశాను కూడా. మూడో రోజు రత్నాకర్ సార్ తన కాగితం మళ్లీ తెచ్చాడు. నేను దాన్ని పక్కకు పెట్టి తెల్ల కాగితం మీద నా చేత్తో రాసిచ్చాను. గ్యాసు రాకముందే చూశానని సంతకం పెట్టాను, అది నా తప్పు. ఇంజను సంరక్షణలో ఏ లోపమూ లేదు, పుస్తకాలు ఉన్నాయి. అంత పాత గ్యాసుకు డిసెంబరు కాగితం జత చేయడం మోసం. దేవరాజు గొలుసు సరిగానే కట్టాడు, ఊగుతున్న ఓడలో ఆ పని చేయించడం అతని తప్పు కాదు.

రత్నాకర్ సార్ చాలాసేపు చదివాడు. ఆయన మొహంలో కోపం లేదు. “నీ తప్పు నువ్వే రాసుకుంటె నిన్నెవరు కాపాడుతరు చెల్లె?” అన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే అడిగాడు.

నన్ను ఓడ నుంచి దించేశారు. నా లైసెన్సు మీద విచారణ ఉంటుంది. ఆరు నెలలో, ఏడాదో ఓడ ఎక్కలేను. గ్యాసు కంపెనీ ఇంకా ఒప్పుకోలేదు, సంతకం పెట్టి తీసుకున్నారు కదా అంటోంది. ఆ సంతకం నాదే కాబట్టి వాళ్లను తిడుతుంటే నా గొంతు సగమే లేస్తోంది మామా, అది నాకు అన్నిటికంటే మంటగా ఉంది. కానీ రిపోర్టులో దేవరాజు పేరు మీది తప్పు కొట్టేశారు. ఆ ఒక్క గీత కోసమే ఇదంతా అనుకుంటున్నాను.

రేపు దేవరాజుతో విజయనగరం పోతున్నాను. వాళ్లింట్లో పది రోజులు ఉండమన్నాడు, అడ్రసు కింద ఉంది. తర్వాత సిద్దిపేట బస్సు ఎక్కుతాను. మొదట మీ ఇంటికే వస్తాను. నువ్వు మాట్లాడకపోయినా అరుగు మీద కూర్చుంటాను.

హర్షిణి


గుండ్లవాడ
9 జూన్ 2025

బిడ్డా,

పోయిన ఉత్తరం పోస్టులో వేసి ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నీ ప్రశ్న ఒక్కటే చెవిలో పడి ఉంది. డ్రమ్ములో నుంచి మొదటి గుక్క తాగింది ఎవరు? ఎవరూ కాదు బిడ్డా. రెండేళ్లుగా ఆ డ్రమ్ముల కల్లు నేను ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదు. పెట్టుకుంటే తెలిసిపోతుందని పెట్టుకోలేదు. నా లొట్టి నేను తాగేవాణ్ని, వాళ్లకు డ్రమ్ములో నుంచి పోసేవాణ్ని. వాళ్లు నా మొహం చూసి తాగేవాళ్లు.

రెండు రోజులకు సిద్దిపేట దవాఖానకు పోయాను. డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టింది, నాకు సగమే వినపడింది, అది కూడా ఎక్కువే. అక్కడి నుంచి ఆబ్కారీ ఆఫీసుకు పోయి, సీసాలో పోసింది నా చెట్టు కల్లు, అమ్మింది డ్రమ్ముల కల్లు అని రాసి సంతకం పెట్టాను. ఈసారి రాసింది మొత్తం చదివి పెట్టాను. దుకాణానికి తాళం పడింది. రాజమల్లయ్య మీద, నా మీద కేసు అయింది. సంఘం నుంచి నన్ను తీసేశారు. ముప్పై రెండు ఇళ్లలో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. మీ అమ్మ కూడా. వాళ్ల కోపం తప్పు అని నేను అనను. ఆ ఏడుగురి ఇళ్ల ముందు నుంచి నడవలేక చుట్టు తిరిగి పోతున్నాను.

ఆ మత్తు మందు ఒక్కసారే ఆగడం వల్ల వచ్చిన జబ్బని తెలిశాక మందు మార్చారు. భూమయ్యకు ఫిట్స్ ఆగాయి. మొన్న గురువారం ఇంటికి తెచ్చారు. చేతుల వణుకు పూర్తిగా పోదట. బస్తా ఎత్తడం ఇక లేదు.

అమ్మకూడదు గానీ చెట్టును గీయడం ఆపితే ఎండిపోతుంది, అందుకని ఎక్కుతూనే ఉన్నాను. నిన్న పొద్దు పొడవకముందు దించిన నీరా, ఇంకా పులవనిది, చిన్నపిల్లలు కూడా తాగేది, ఒక చెంబెడు తీసుకొని భూమయ్య ఇంటికి పోయాను. నీరా అయితే ఇవ్వొచ్చునని డాక్టరమ్మను ముందే అడిగాను. పెంటవ్వ తలుపు తీసి పక్కకు జరిగింది. భూమయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆకు దొప్ప చేతికి ఇచ్చి పోశాను. ఆ చేయి వణికి సగం ఒలికింది. మళ్లీ పోశాను.

తాగలేదు. దొప్ప అట్లాగే పట్టుకొని నా వైపు చూశాడు. నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎన్నో ఏళ్లుగా ఎవరూ నా ముందు అట్లా ఆగలేదు. చెంబు ఎత్తి ఒక గుక్క తాగాను. నిలబడ్డాను. అతను నా మొహం చూస్తూనే ఉన్నాడు. ఇంకో గుక్క తాగాను.

చాలాసేపటికి భూమయ్య దొప్పను కింద పెట్టి ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. పెంటవ్వ నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. “రేపు తాగుతడట.”

ఈ రోజు కూడా పోయాను. ముందు నేను తాగాను. ఇవాళ కూడా రేపు తాగుతానన్నాడు.

నువ్వు రా. అరుగు మీద కాదు, ఇంట్లో కూర్చో. పొద్దున నేను ఇంట్లో లేకపోతే భూమయ్య ఇంటి దగ్గర ఉంటాను.

మామ